నేరేడు సిర్కా జాడీ మీది గుడ్డ

మొన్న మనవరాలు వంటకని ఒక సిర్కా సీసా, ఇప్పటివాళ్ళు వెనిగర్ అంటారే అది, తెచ్చి మూత తీసింది. లోపల నీళ్ళలా తెల్లగా ఉంది, వాసన మాత్రం సూదిలా ముక్కులో దిగింది. ఏ పండుతో చేశారే అని అడిగితే, "పండేంది నానమ్మా, సిర్కా అంటే సిర్కానే" అంది. పండు లేని పులుపు ఎక్కడి నుంచి వస్తుంది? నేను నమ్మలేదు. సీసా అటు తిప్పి ఇటు తిప్పి చూశాను, అడుగున పిసరంత మడ్డి కూడా లేదు. మా ఇంటి సిర్కా నల్లగా, నేరేడు పండు తిన్న నాలుక రంగులో ఉండేది.

మాది పురానాపూల్ దగ్గర పాలవాళ్ళ ఇల్లు. నిజాం రాజు పాలన నాటి మాట చెబుతున్నాను. వాకిట్లో బర్రెలు, పేడ వాసన, ఉడికిన కుడితి వాసన, మిద్దె మీద పిడకలు, వాటి పక్కన ఒరుగులు. మా నాయనమ్మ రెండు పూటలా నవాబుల డ్యోఢీలకు, ఆ పెద్ద పెద్ద మహళ్ళకు, పాలు తీసుకుపోయేది. అక్కడి బేగముల దగ్గరే షర్బత్తులు పట్టడం నేర్చుకుంది. ఎండాకాలంలో ఫాల్సా పండ్లు పిసికి వడగట్టి పాకం పట్టేది, దానిమ్మ గింజలు నలిపి రసం తీసేది, అన్నిటికంటే ఎక్కువగా సికంజబీన్ కాచి డ్యోఢీలకే అమ్మేది. చక్కెర పాకం తీగ సాగుతుండగా సిర్కా పోసి, దించే ముందు గుప్పెడు పుదీనా వేస్తే వచ్చే ఆ వాసనకు బర్రెలు కూడా మెడ తిప్పి చూసేవంటే అబద్ధం కాదు. కళాయి పూసిన గిన్నెలోనే కాచాలి, లేకుంటే చిలుము దిగుతుంది. అందుకని కళాయివాడు గిన్నె తిరిగి ఇచ్చాక నాయనమ్మ దానిని ఎండకు పట్టుకొని, ఎక్కడైనా పూత వదిలేశాడేమోనని వేలితో తడిమి తడిమి చూసేది.

ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు. పండ్లవాడు అడుగున పచ్చివి పెడతాడని గంప బోర్లించేది. మా అమ్మ చక్కెర నోట్లో వేసుకుంటుందేమోనని పని చేస్తున్నంత సేపూ ఆమెను మాట్లాడిస్తూ ఉండేది. అందరికంటే ఎక్కువ అనుమానం మా చిన్నమ్మ మీద.

చిన్నమ్మ మా చిన్నాయన భార్య. చిన్నాయన కార్వాన్‌లో ఒక యునానీ మందుల దుకాణంలో పనిచేస్తూ జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. తెల్లవారి లేస్తే పేడ ఎత్తేది ఆమే, అందరూ తిన్నాక చివర తినేదీ ఆమే. పుట్టింటి వైపు చాంద్రాయణగుట్టలో ఒక తమ్ముడున్నాడు, అతని కడుపు నిండడమే కష్టం. మా ఇంట్లో చోటు పోతే ఆమెకు మరో దిక్కు లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అందరికంటే బాగా నాయనమ్మకు తెలుసు.

మృగశిర కార్తెలో నేరేడు పండ్లు రాగానే సిర్కా వేసేవాళ్ళం. పండ్లు చేత్తో పిసికి, గింజలతో సహా పెద్ద జాడీలో నింపి, కాస్త ఉప్పు వేసి మిద్దె మీద ఎండలో పెట్టేవాళ్ళం. మబ్బు పడితే లోపలికి, ఎండ వస్తే బయటికి. నాయనమ్మ జాడీకి మూత పెట్టి, మైనం పూసిన గుడ్డ మూడు మడతలు కప్పి, తాడుతో బిగించి కట్టేది. పరాయి కన్ను పడకూడదని, వాసన బయటికి పోకూడదని ఆమె పట్టుదల. వారానికి ఒకసారి తానే విప్పి వేపపుల్ల ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో అక్కడ కత్తితో గాటు పెట్టేది. నాకు ఎనిమిదేళ్ళున్న ఆ ఏడు, బోనాలు ఇంకా పోలేదు, గాటు ఎన్నడూ లేనంతగా రెండు వేళ్ళు కిందికి దిగింది.

"మూతి కట్టిన జాడీల నుంచి ఎట్ల తక్కువైతదే పోశీ?" అంది నాయనమ్మ నా చెవిలో. "నువ్వు మిద్దె మీద అచ్చనగిల్లలు ఆడుకో. ఎవరొస్తరో చూడు. చెప్పినవనుకో, ఫాల్సా షర్బత్ నీకే ముందుగాల."

ఆడాను. మధ్యాహ్నం నాయనమ్మ పాలకు పోగానే చిన్నమ్మ పైకి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. జాడీ తాడు విప్పి, మైనపు గుడ్డ, మూత తీసి, కొంగులోంచి ఒక పల్చటి బట్ట తీసి కప్పింది. వంగి వాసన చూసింది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చొని పిడకలు తిప్పింది, తరువాత మళ్ళీ మైనపు గుడ్డ ఎప్పటిలా కట్టింది. నేను చూసింది చూసినట్టే చెప్పాను. షర్బత్ కోసమే చెప్పాను, ఇప్పుడు దాచేదేముంది?

సిర్కా పులిసే ముందు సగం దారిలో సారాయి వాసన వస్తుంది. అది పాలవాళ్ళ ఇళ్ళలో అందరికీ తెలుసు. అందుకే నాయనమ్మ అడిగిన మాట అలా ఉంది.

"లచ్చీ, ఎన్నడు సంది తాగుతున్నవే?"

"తాగలే అత్తా. గుడ్డ ఇప్పిన, నిజమే."

"ఇప్పినవ్ గద! ఇంకేం చెప్తవ్?"

గోడ అవతలి ఆమె పిట్టగోడ మీద గడ్డం ఆనించి మరీ అంది: "గందుకేనా, పేడ ఎత్తుకుంట పాటలు పాడుతది! నేనేమో పాపం దుఃఖం మరుస్తుందనుకున్న."

మొగుడు పోయిన మనిషి సారాయి తాగిందన్న మాట వాడకట్టు తిరిగి రావడానికి ఎంతసేపు? మా బాపు తల ఎత్తలేదు. చిన్నమ్మ రెండు చీరలు మూట కట్టుకొని తమ్ముడి ఇంటికి పోయింది. నాకు ఫాల్సా షర్బత్ దొరికింది. తియ్యగానే ఉంది.

మరుసటి ఏడు నాయనమ్మ మరింత గట్టిగా కట్టింది. గుడ్డ మీద పిండి కూడా మెత్తింది, పగుళ్ళిస్తే మళ్ళీ మెత్తింది. గాటు దిగలేదు. "చూసినవా, దొంగ పోయింది, గాటు ఆగింది" అని మురిసిపోయింది. దసరా ముందు సిర్కా తీద్దామని జాడీ విప్పితే మిద్దెంతా ఇంకా సారాయి కంపే. పులుపు లేదు. సారాయి పట్టుకునే ఆబ్కారీ జవాన్లు వస్తారేమోనని గడగడలాడి మొత్తం మోరీలో పోయించింది. పండ్లు మంచివి కావంది, జాడీ మంచిది కాదంది, మా అమ్మ చెయ్యి తగిలిందంది.

బాపుకు మాత్రం ఏదో తట్టినట్టుంది. నన్ను వెంటబెట్టుకొని చాంద్రాయణగుట్టకు నడిచాడు. చిన్నమ్మ తమ్ముడి వాకిట్లో ఎండలో చిన్న జాడీ ఉంది. దాని మూతికి మూత లేదు, పల్చటి బట్ట ఒక్కటే.

"ఇంటికి రా లచ్చమ్మా. అమ్మ మనసుల ఏం లేదు."

"ఏం లేకుంటే ఆమెనే వచ్చేది గద బావా."

నాకు ఏడుపొచ్చింది. "నేనే చెప్పిన చిన్నమ్మా" అన్నాను.

"ఎరుకే బిడ్డా. నువ్వు చూసిందే చెప్పినవ్. గుడ్డ ఎందుకు ఇప్పినవ్ అని మీ ఇంట్ల ఒక్కలన్న అడిగిన్రా?"

అప్పుడు అడిగాను. చెప్పింది. చిన్నాయన దుకాణంలో సిర్కా జాడీలకు మూతలే ఉండేవి కావట. దానికి గాలి ఆడాలి, గాలి లేకుంటే పులవదు, సారాయి దగ్గరే ఆగిపోతుంది. ఎండకు, గాలికి ఆరుతుంది కాబట్టి కొంత తగ్గుతుంది కూడా. "మొదటేడు మీ నాయనమ్మకు చెప్పిన. నాకే నేర్పుతున్నవా అన్నది. ఇగ చెప్పుడు బంద్ వెట్టి, చేసుడు వెట్టిన." అంటే అన్నేళ్ళూ డ్యోఢీలలో మెచ్చుకున్నది ఆమె చేతి సిర్కానే.

ఆమె రాలేదు. ఇంటికి వచ్చి నాయనమ్మకు అంతా చెప్పాను. నోట్లో ఆకు నములుతూ విన్నది. "గట్లయితే అప్పుడే చెప్పకపోయిందేంది? ఇది కూడా యేశమే" అంది. కానీ ఆ తరువాతి మృగశిరకు మిద్దెక్కి చూస్తే, జాడీ మూతికి పల్చటి బట్ట కట్టి ఉంది. చిన్నమ్మ పనితనం ఇంట్లోకి వచ్చింది. చిన్నమ్మను పిలవడానికి మాత్రం ఎవరూ పోలేదు.

ఇప్పుడు ఆ మిద్దె లేదు, బర్రెలు లేవు, డ్యోఢీలు ముక్కలై దుకాణాలయ్యాయి. కళాయివాడి కేక విని ఎన్నేళ్ళయిందో. ఫాల్సా పండు తెచ్చి చూపిస్తే మా వీధి పిల్లలు పేరు చెప్పలేరు. నాయనమ్మ అనుమానం మాత్రం నా ఒంట్లోకి వచ్చి కూర్చుంది. ఇంటాయన పోయాక మరీ ఎక్కువైంది. వంటింట్లో కోడలు ఏదైనా డబ్బా మూత తీస్తే చాలు, నా చెవి అటే పోతుంది.

"ఎందుకు తీసినవే?" అని అడుగుతాను.

"చీమలు వట్టినయేమోనని చూసిన అత్తా" అంటుంది విసుగ్గా.

నమ్మాలో వద్దో తేలక కాసేపు ఆమె ముఖం చూస్తాను. తరువాత గోడ పట్టుకొని లేచి వెళ్ళి డబ్బాలోకి నేనూ తొంగి చూస్తాను. చీమలు ఉంటాయి.