టైగారి టై మీద కాఫీ

మొదటే చెప్పేస్తున్నాను, నేను పిల్లిని పులిగా చెప్పే రకం. మా ఆవిడ నా మాటల్లో ముప్పావు వంతు తీసేసి మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి. ఆ రోజుల్లో ప్రొఫెషనలిజం అనే మాట చింతపల్లి కొండకి ఇంకా కొత్త. అప్పుడప్పుడే షేర్ జీపు టాపు మీద కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కుతోంది. దాన్ని మెళ్ళో కట్టుకుని దిగినవారు మా మేనేజరు. మొత్తం మన్యానికి ఉన్నది ఆయన టై ఒక్కటే (అని నా నమ్మకం). అందుకే ఆయన అందరికీ టైగారు.

మాది కాఫీ గింజలు శుభ్రం చేసి అమ్మే చిన్న సంస్థ. రుచి చూడటంలో టైగారికి సాయపడటం నా పని. బల్ల మీద వరసగా కప్పులు, ఒక్కో కప్పులో ఒక్కో తోట కాఫీ. పాలు లేవు, పంచదార లేదు. చెంచాతో తీసి, లంబసింగి దాకా వినబడేలా జుర్రి, నోట్లో తిప్పి, పక్కనున్న బకెట్లో ఊసెయ్యాలి. బాగుందో లేదో ముఖం చూసి ఎవరూ కనిపెట్టకూడదు. అదే ప్రొఫెషనలిజం అన్నారాయన. నేనేమో మా నాయనమ్మ పెంపకం. చప్పుడు చేస్తూ తాగితే వీపు మీద ఒకటి, ఒకరు చేతికిచ్చింది ఊసేస్తే రెండు. ఆవిడ పోయి ఏళ్ళయినా ఆ చెయ్యి మాత్రం నా వీపు వెనకే ఉండేది. అందుకని టైగారు అటు తిరగగానే గుటుక్కున మింగేసి, బకెట్ మీదికి వంగి ఉత్తుత్తి ‘థూ’ అనేవాణ్ణి.

అలా రోజూ బిందెడు కాఫీ లోపలికి పోయేది. నిద్ర నన్నొదిలి మైదానానికి దిగిపోయింది. కూర్చుంటే మోకాలు ఊగేది, మోకాలు పట్టుకుంటే భుజం ఎగిరేది. గింజలేరే ఆడవాళ్ళ చుట్టూ పనిలేకుండా ప్రదక్షిణలు చేసేవాణ్ణి. వాళ్ళలో పెద్దామెను అందరం అప్ప అనేవాళ్ళం. ఆవిడ ఒకనాడు చేట దించి నన్ను తేరిపార చూసింది.

“ఏటి తమ్ముడా, ఒక్క సోట కూకోలేవా? నిన్ను సూత్తే సేటలో గింజలు కూడా గెంతుతన్నాయి.”

నవ్వు రాలేదు నాకు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు మరి. కాకపోతే అనకాపల్లిలో మా మేనమామ బెల్లం దుకాణంలో ఈగలు తోలుకోవడమే. బెంగళూరు నుంచి కొనేవాళ్ళు వస్తున్నారనీ, వాళ్ళ ముందు నేను ఎలా మసలుకుంటానో చూసి ఏ సంగతీ తేలుస్తాననీ టైగారు చెప్పి ఉన్నారు.

వచ్చారు. గదిలో జుర్రుళ్ళు తప్ప మాట లేదు. టైగారు నా పక్కనే నిలబడి నా గొంతు మీదే చూపు పెట్టారు. మింగితే గుటక కనబడిపోతుంది. ఊయడమా, ఏనాడూ అలవాటు చేసుకోలేదు. చెయ్యి అప్పటికే చెంచాతో కప్పు మీద తాళం వేస్తోంది. బకెట్‌కి గురిపెట్టి, నాయనమ్మకి మనసులో దణ్ణం పెట్టుకుని ఊశాను. సరిగ్గా అప్పుడే తన వంతు ఊయడానికి టైగారు వంగారు. ఏ తోటదో గానీ, ఆ కాఫీ మొత్తం ఆయన టై మీదే పడింది.

టైగారు రెప్పైనా వెయ్యలేదు. చెంచా కడిగి, “తరవాతి కప్పు” అన్నారు. అందరం తరవాతి కప్పు మీదికి వంగాం.

వచ్చినవాళ్ళ జీపు మలుపు తిరిగాక అడిగారు: “ఇన్నాళ్ళూ ఎక్కడ ఊసేవాడివి?”

“మింగేవాణ్ణండి.”

ఆయన నన్నూ, ఊగుతున్న నా మోకాలినీ చూసి పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ ఆ టైతోనే కళ్ళు తుడుచుకుని, ముందు మంచినీళ్ళతో ఊయడం నేర్చుకోమన్నారు, ఖాయం సంగతి ఆ తరవాతేనట. షెడ్డు వెనక వారమంతా సాధన చేశాను. అప్ప వచ్చి, ఇంకా దగ్గర్లోనే పడతందని తీర్పులిచ్చేది. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు డాక్టరు కాఫీ మానిపించాడు. రాగి జావ జుర్రుతుంటే, నాయనమ్మ పని మా ఆవిడ అందుకుంది. ఇంతకీ ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి కదా. బిందె నిజం, థూ నిజం, టై నిజం, షెడ్డు వెనక సాధనా నిజం. ఆయన నవ్వారన్నదే కల్పన. ఒక్కసారి నవ్వి ఉంటే నేను ఈ కథని ఇన్నేళ్ళు మోసేవాణ్ణి కాదేమో. నా జవాబు విని తలూపి, మంచినీళ్ళ మాట ఒక్కటి చెప్పి, ఆ టైతోనే కిక్కిరిసిన జీపెక్కి వెళ్ళిపోయారు. మర్నాడు మరక వదలని అదే టైతో వచ్చి, బకెట్‌ని కాస్త నా వైపు జరిపారు.