మూడు ఊళ్ల పత్రిక

మదనపల్లె కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే నీరజ పొద్దున్నే ల్యాబ్‌లోకి రాగానే మూలనున్న కంప్యూటర్ మీది దుమ్ము కొంగుతో తుడిచి, కళ్లద్దాలు నుదుటికెత్తి, పత్రికలో కొత్తగా వచ్చినవాటిని తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా చదువుతుంది. పుంగనూరు, కుప్పం కాలేజీల్లోనూ ఇలాంటి కంప్యూటర్లు పెట్టించి, మూడింటి మీదా ఒకే పరిశోధన పత్రిక నడుపుతోంది. ఒకచోట వేసిన వ్యాసం, దానిమీద రాసిన విమర్శ మిగతా రెండు చోట్లకూ చేరిపోతాయి. పెద్ద ప్రచురణ సంస్థల గడప తొక్కే పని లేదు.

మొన్న వేరుశనగ తెగులు మీద ఆమె రాసిన వ్యాసం కిందే, తెగులుకు కారణమని ఆమె గుర్తించిన బూజు వేరే జాతిదని కుప్పం అధ్యాపకుడు ముద్దుకృష్ణ ఫొటోలతో సహా రాశాడు. ప్రిన్సిపాల్ నారాయణస్వామి కంగారుపడ్డాడు.

"కాలేజీకి నగుబాటమ్మా. మిషన్ మన చేతిలోనే ఉండాది గదా, ఆయన రాసింది తీసేయ్."

"ఈడ తీసినా పుంగనూర్లో ఉంటాది, కుప్పంలో ఉంటాది సార్. ఎవురూ తుడిచెయ్యకూడదనే గదా ఇట్ల పెట్టింది," అంది నీరజ.

ఆ బూజును సూక్ష్మదర్శిని కింద మళ్లీ చూసుకుంది. ముద్దుకృష్ణ చెప్పిందే నిజం. చెవులు వేడెక్కాయి. అయినా ఆ విమర్శ కింద, "మీరు చెప్పిందే సరి, సవరిస్తున్నాను" అని తన పేరుతోనే రాసి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వుకుంది.

"ఏమ్మా, నవ్వుతాండావు?"

"మన పత్రిక నన్నే నిలదీసింది సార్. ఇంక ఎవుర్నైనా నిలదీస్తాది."