చీర అంచు మీద ఉప్పు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. ప్రొద్దుటూరులో మా నాన్న లెక్కల మాస్టారు. మా ఇంట్లో ఏ సంగతైనా "ఎట్లా? ఏంటికి?" అనే రెండు ప్రశ్నలు దాటుకుని రావాల్సిందే. నాకు ఇప్పటికీ దయ్యాల మీద నమ్మకం లేదు. నేను చెప్పబోయేదాంట్లో దయ్యం లేదు కూడా. పట్టపగలు, యూనివర్సిటీ క్యాంపస్, నేను అద్దెకున్న ఇంటావిడ, ఆవిడ కట్టుకున్న నేత చీర, అంతే. దయ్యమైనా ఉంటే దానిమీదికి నెట్టేసి ఊరుకునేదాన్ని.

తొంభైలలో మాట. క్యాంపస్‌లో ఫ్రెంచి డిప్లొమా చదువుతూ తార్నాకలో ఒక మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. వైవా పద్ధతి అప్పట్లో ఇలా ఉండేది. ఏదైనా ఒక రేవు పట్నాన్ని ఎంచుకుని, పరీక్ష చేసే మేడమ్‌ను పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ ఊళ్ళో తిప్పుతున్నట్టుగా ఫ్రెంచిలో మాట్లాడాలి. వీధులు, గుళ్ళు, పాటలు, తిండి అన్నీ చెప్పాలి. నేను మార్సెయ్ తీసుకున్నాను. ఫ్రాన్సులో మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంటుంది. అప్పటికి నేను మధ్యధరా కాదు కదా, మన బంగాళాఖాతం కూడా చూసినదాన్ని కాదు.

మొదటిసారి పాత రేవు, కొండమీది చర్చి బాగానే దాటించాను. తర్వాత ఆవిడ ఆ ఊరి చేపల పులుసు గురించి అడిగింది. ఆ ఊరికి అది పెట్టింది పేరు. మా ఇంట్లో చేప గుమ్మం తొక్కింది లేదు. నాకు తెలిసిన వంట నోటికొచ్చేసింది. ఇంగువ పోపు పెట్టి, ముక్కలు ఉడికాక పప్పుగుత్తితో మెత్తగా ఎనపాలని చెప్పాను. ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని ఫెయిల్ చేసింది.

ఇంకొక్క అవకాశం ఉంది. పాసైతే ఒక స్కూల్లో ఫ్రెంచి టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. నాన్న ఫోనులో ఒకే మాట అన్నాడు. "ఈ తూరి కూడా పోతే పెట్టె సర్దుకోని వచ్చేయ్ మ్మా. నీ చదువు నువ్వు చదివినావు, చాలు." ఆయన గట్టిగా అరిచినా నాకింత రోషం వచ్చేది కాదు. పంతం పట్టాను. అదే ఊరు, అదే పులుసు, అదే మేడమ్ ముందు.

కింది వాటాలో ఇంటావిడ రత్నం పిన్ని ఉండేది. కాకినాడ మనిషి. వాళ్ళాయనది రైల్వేలో ఉద్యోగం. పుట్టింట్లో ఎవరూ మిగలకపోవడంతో అటువైపు వెళ్ళడమే మానేసింది. సముద్రం ఊసెత్తితే మాత్రం చేతిలో పని ఆపేసేది. ఆవిడ చేపల పులుసు పెట్టే రోజున వంటింటి గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడ్డాను.

"గరిటె పెట్టకూడదే పిల్లా, ముక్క చితికిపోద్ది. గిన్నె రెండువైపులా పట్టుకుని ఇలా తిప్పాలి," అని మసిగుడ్డతో పట్టుకుని గిన్నెను గుండ్రంగా ఆడించింది. పులుసు అంచులదాకా వచ్చి వెనక్కి పోయింది. పప్పుగుత్తి సంగతి చెబితే ఆవిడ కూడా నవ్వింది, కాకపోతే ఆవిడ ఫెయిల్ చేయలేదు.

"ఊరికే నేర్పను. ఆ ఊరేదో నాకూ చూపించు," అంది చివర్లో.

నా చదువు పద్ధతి ఆవిడకు తెలుసు. తార్నాక నుంచి క్యాంపస్‌కి నడిచే దారినంతా మార్సెయ్ చేసుకున్నాను. తార్నాక చౌరస్తా పాత రేవు. కూరగాయల బండ్లు చేపల అంగళ్ళు. క్యాంపస్‌లో ఎత్తెక్కే రోడ్డు చర్చి ఉన్న కొండ. రోజూ వాటిని దాటుతూ ఫ్రెంచిలో గొణుక్కునేదాన్ని. ఆటోవాళ్ళు నన్ను చూసి జాలిపడేవాళ్ళు.

వైవాకి ముందు ఆదివారం పొద్దున్నే పిన్నిని బయల్దేరదీశాను. ఆవిడ నీలం నేత చీర కట్టుకుని, చేతిసంచీలో మంచినీళ్ళ సీసా పెట్టుకుని నిజంగా ఊరు చూడ్డానికొచ్చినట్టే వచ్చింది. నేను ఫ్రెంచిలో చెప్పి, మళ్ళీ తెలుగులో చెప్పేదాన్ని. ఆవిడ బండ్ల దగ్గర ఆగి "చేపలు తాజావేనా?" అని వంకాయల్ని నొక్కి చూసింది. నవ్వుకుంటూ కొండెక్కి దిగాం.

ఆర్ట్స్ కాలేజీ వెనక వేపచెట్ల కింద ఒక మట్టిదారి ఉండేది. నా మార్సెయ్‌లో అక్కడేమీ లేదు. నేను నేరుగా వెళ్ళబోతుంటే పిన్ని ఎడమకు తిరిగి ఆ దారి పట్టింది. కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంది.

"జాగర్తే, మెట్లు తడిగా ఉన్నాయి," అంది.

అది చదునైన నేల. కానీ ఆవిడ మెట్లు దిగుతోంది. ఒక చెయ్యి గోడకు ఆనించినట్టు గాలిలో పెట్టి, ఒక్కో కాలూ తడుముకుంటూ, మోకాళ్ళు వంచి దిగుతోంది. ఆట పట్టిస్తోందనుకుని నవ్వబోయాను. ఆవిడ ముఖం చూశాక నవ్వు రాలేదు. ఆ ముఖంలో ఆట లేదు. పుట్టింటి వీధి మలుపు తిరిగిన మనిషిలా ఉంది.

చెట్ల చివర ఆగి, పక్కకు చూసి, "చూశావా, ఈవిడా గరిటె పెట్టట్లేదు," అంది సంతోషంగా. ఇంకో రెండడుగులు వేసి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత అదేవిధంగా మెట్లెక్కినట్టు ఆయాసపడుతూ నా దగ్గరికొచ్చింది.

ఎండదెబ్బేమోనని చెట్టుకింద కూర్చోబెట్టి సీసా తీశాను. అప్పుడు చూశాను. చీర పిక్కలదాకా తడిసిపోయి, నీళ్ళు కారుతున్నాయి. సీసా మూత తియ్యనేలేదు. చెప్పుల్లో కూడా నీళ్ళు. ఆవిడ నడిచిన మట్టి మాత్రం పొడిగానే ఉంది.

అటుగా వచ్చిన వాచ్‌మన్‌ను ఇక్కడ పైపేమైనా పగిలిందా అని అడిగాను. "గీడ నీళ్ళేడివమ్మా? మొన్నటి సంది నల్లా బందున్నది. తాగనీకే లేవు," అన్నాడు. తర్వాత పిన్ని చీరకేసీ, పొడి నేలకేసీ చూసి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి చీర ఆరిపోయింది. అంచు పైన వంకరటింకరగా ఒక తెల్లని గీత మిగిలింది. గోటితో గీకి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు. మాస్టారి కూతుర్ని కదా, చెమటేమోనని కూడా ఆలోచించాను. చెమట చీరను పిక్కలదాకా ఎలా తడుపుతుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

వైవాలో మేడమ్ మళ్ళీ పులుసు దగ్గరే ఆగింది. పెదవుల మీద నవ్వు సిద్ధంగా ఉంది. నాకు ఒక్కసారిగా తెగింపు వచ్చింది. నేను తయారుచేసుకున్న పాఠం వదిలేశాను. "చర్చి కొండ దిగాక నేరుగా వెళ్ళం మేడమ్, ఎడమకు తిరుగుతాం," అన్నాను. మెట్లు తడిగా ఉంటాయి, గోడ పట్టుకోండి అన్నాను. కింద ఒకావిడ పులుసు కాస్తుంటుంది, గరిటె పెట్టదు, గిన్నె రెండువైపులా పట్టుకుని తిప్పుతుంది, లేకపోతే ముక్క చితుకుతుంది అన్నాను. గుమ్మంలో నిలబడి చూసిన ప్రతి చిన్న సంగతీ చెప్పాను.

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. పరీక్ష మధ్యలో తెలుగులోకి వచ్చేసింది. "ఆ మెట్ల సంగతి నీకెవరు చెప్పారు? ఏ గైడులోనూ ఉండవే!" అంటూ ఎడమ చెయ్యి చాపింది. మణికట్టు కొద్దిగా వంకరగా ఉంది. మార్సెయ్‌లో చదువుకునే రోజుల్లో ఆ మెట్ల మీదే జారిపడిందట.

"మా పిన్ని" అన్నాను. "అక్కడుంటారా?" అంది. "లేదు మేడమ్, తార్నాకలో," అన్నాను. ఆవిడ పెన్ను మళ్ళీ చేతికి తీసుకుని పాస్ చేసింది.

ఆ సాయంత్రం పరుగున వెళ్ళి పిన్నికి అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. నన్ను దగ్గరికి తీసుకుని నెత్తిమీద ముద్దు పెట్టుకుంది. ఆ రోజు నీళ్ళెక్కడివి, నువ్వేం చూశావు అని నిలదీస్తే, నా ప్రశ్నే వింతగా ఉన్నట్టు చూసింది.

"నన్నడుగుతావేంటే? నువ్వే కదా తీసుకెళ్ళావు," అంది.

తర్వాత ఆ మట్టిదారిలో ఒంటరిగా ఎన్నోసార్లు తిరిగాను. పిన్నిని కూడా తీసుకెళ్ళాను. చెప్పులకు దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. ఉద్యోగం వచ్చింది, పెట్టె సర్దే పని తప్పింది. మార్సెయ్ మాత్రం ఇంతవరకూ వెళ్ళలేదు. పిల్లలకు ఆ ఊరి పాఠం చెప్పేటప్పుడు ఎడమవైపు మలుపు దగ్గర, మెట్లు తడిగా ఉంటాయి, గోడ పట్టుకోండని చెబుతాను.

ఎట్లా, ఏంటికి అన్న ప్రశ్నలు రెండూ అలాగే ఉన్నాయి. వాటికంటే ఇంకొకటి నన్ను బాధపెడుతుంది. ఊరంతా దగ్గరుండి చూపించింది నేను. ఆవిడ మెట్టుమెట్టూ దిగుతుంటే అక్కడే నిలబడ్డాను. పిన్నికి సముద్రం దొరికింది. నాకు ఆ రోజు వేపచెట్లు తప్ప ఏమీ కనబడలేదు.