ఇది హాస్టల్ కాదన్న ఖాలా

ఖాలా పోయిందని నాకు చెప్పింది మా చెల్లె పద్మ. పొద్దున ఏడు గంటలకు ఫోన్ చేసి, "అన్నా, ఖాలా చచ్చిపోయింది. ఊపిరి లేదు. డాక్టర్ వచ్చి చూసిండు. నువ్వు రా" అంది. అంతే. తర్వాతెప్పుడో ఏడ్చింది. ముందు చెప్పాల్సినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది.

గంట తర్వాత మా బంధువొకాయన నాకు ఫోన్ చేసి గొంతు తగ్గించి, "పద్మకు ఇప్పుడే చెప్పకుండ్రి, తట్టుకోదు" అన్నాడు. నాకు చెప్పిందే పద్మ అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

పద్మకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఏదైనా నేర్చుకోవడానికి మనకంటే ఎక్కువ రోజులు పట్టే మనిషి. డాక్టర్లు దానికి ఒక పేరు రాశారు. బజారు ఇంకా చాలా పేర్లు పెట్టింది. అవి ఇక్కడ రాయను. ఖాలా ఉంటే రాయనిచ్చేది కాదు.

ఖాలా నాకు రక్త సంబంధం కాదు. ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైంది. ఆ హాస్టల్‌కు సరుకులు వరంగల్ చౌరస్తాలోని మా నాయన కిరాణా దుకాణం నుంచే పోయేవి. మా అమ్మ ఆమెను ఆపా, అంటే అక్కా, అనేది కాబట్టి మాకు ఖాలా, అంటే పెద్దమ్మ, అయింది. ఖాలా వచ్చినప్పుడల్లా సరుకుల చీటీ నా చేతిలో పెట్టి, నేరుగా దుకాణం వెనక్కి వెళ్ళేది. అక్కడ బియ్యం బస్తా మీద పద్మ కూర్చుని ఉండేది.

"పద్మా, ఏం చేస్తానవ్?"

"కూసున్న."

"నిన్న ఏం చేసినవ్?"

"కూసున్న."

"మరి రేపు?"

పద్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదని మేమంతా నవ్వాం. ఖాలా నవ్వలేదు. పద్మకు ప్రశ్న బాగానే అర్థమైందని, జవాబు లేక ఊరుకుందని చాలా ఏళ్ళ తర్వాత నాకు చెప్పింది.

అమ్మ పోయిన రోజు నేను చేసిన పని చెప్పకపోతే ఖాలా ఎలాంటి మనిషో మీకు తెలియదు. అమ్మను హైదరాబాద్ దవాఖానకు తీసుకపోయారని పద్మకు అబద్ధం చెప్పి, పక్కింట్లో టీవీ ముందు కూర్చోబెట్టాం. ఆమె మంచి కోసమే అనుకున్నాం. ఖాలా వచ్చి, అమ్మ పాదాల దగ్గర నిలబడి చుట్టూ చూసింది.

"పద్మ ఏది?"

చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. "సేటూ, ఆమె నీ ఒక్కనికే అమ్మనా? రేపటినుంచి ఈ పిల్ల గుమ్మం కాడ కూసొని రోజూ ఎదురుచూస్తది. అది నీకు మంచిగనిపిస్తాందా?"

అందరూ వద్దంటున్నా పక్కింటికి పోయి పద్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "అమ్మ చచ్చిపోయింది బేటీ. ఇగ లేవది. ఏడ్వాలనిపిస్తె ఏడువు" అంది. పద్మ అమ్మ బుగ్గ తాకి చూసింది. చల్లగుంది అంది. తర్వాత ఏడ్చింది. మేం భయపడినట్టు పడిపోలేదు, అరవలేదు. అమ్మను పోగొట్టుకున్న కూతురు ఏడ్చినట్టే ఏడ్చింది.

ఆ ఏడాదే ఖాలా కాజీపేటలో ఒక కాలనీలో మూడు గదుల ఇల్లు కిరాయికి తీసుకుంది. పద్మతో పాటు మరో ముగ్గురు ఆడవాళ్ళు అక్కడ చేరారు. అందరూ ముప్పై దాటినవాళ్ళే, అందరూ ఏదో ఒక ఇంట్లో ఒక మూల కూర్చుని ఉన్నవాళ్ళే. నేను పద్మను సంతోషంగా పంపానని అనుకోకండి. నాలుగు నెలలు వాదించాను. "నా చెల్లెను హాస్టల్ల పడేసిన అంటరు" అన్నాను.

"ముప్పై ఏండ్లు హాస్టల్ నడిపిన నేను, నాకు తెల్వదా? హాస్టలంటె గంట కొడితె లేచుడు, గంట కొడితె తినుడు. ఇది హాస్టల్ కాదు, ఇల్లు. ఎవరికి ఆకలైతె వాళ్ళు తింటరు. ఎవరికి కోపమొస్తె వాళ్ళు తలుపేసుకుంటరు."

నిజంగానే తలుపులేసుకునేవారు. మొదటి నెలలో పద్మ, ఆమె గదిలో ఉండే రేష్మ ఫ్యాన్ గురించి కొట్లాడి మూడు రోజులు మాట్లాడుకోలేదు. నేను కంగారుపడితే ఖాలా హాయిగా చాయ్ తాగుతూ, "నీ ఇంట్ల ఎన్నడన్న ఎవరితోనన్న కొట్లాడిందా? లేదు. కొట్లాడెతందుకు ఆమెదంటు ఏమన్న ఉంటె కద" అంది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. వచ్చినవాళ్ళు పద్మ ఎదుటే నిలబడి "ఈమె చాయ్ తాగుతదా?" అని ఖాలాను అడిగితే, ఖాలా పైకప్పు వైపు చూస్తూ ఊరుకునేది. ఎంతసేపైనా జవాబు చెప్పేది కాదు. చివరికి వచ్చినవాళ్ళు తడబడి పద్మ వైపు తిరిగి అడగాల్సి వచ్చేది. నేనూ అలా చాలాసార్లు తడబడ్డాను.

కాలనీ కమిటీ వాళ్ళు ఆరు నెలలు ఓపిక పట్టి మీటింగ్ పెట్టారు. అధ్యక్షుడు మర్యాదస్తుడే. "మేడం, మీరు చేసేది పుణ్యం పని. కాని ఇక్కడ ఫ్యామిలీలుంటయ్, పిల్లలు భయపడ్తరు. ఊరవతల జాగ చూసుకోండ్రి, మేం కూడ సాయం చేస్తం" అన్నాడు.

"సారూ, మీరు ఈ కాలనీకొచ్చినప్పుడు పక్కింటోళ్ళను పర్మిషన్ అడిగిండ్రా?"

"గదేం మాట మేడం? మా ఇల్లు మేం కొనుక్కున్నం."

"మేం కిరాయికి తీసుకున్నం. గంతే తేడా. పిల్లలు భయపడ్తరంటె, మా పద్మ కూడ మీ కుక్కకు భయపడ్తాంది. నేనేమన్న దాన్ని ఊరవతలకు పంపుమన్ననా? అలవాటైతది. పిల్లలకు కూడ అయితది. ఇంకోటి, ఇది పుణ్యం పని కాదు. ఫ్యామిలీలు అన్నరు కద, మాది కూడ ఫ్యామిలీనే."

తర్వాత ఇల్లు ఖాళీ చెయ్యమని కమిటీ ఒక ఉత్తరం పంపింది. ఖాలా దాని వెనక టమాట, వంకాయ, కొత్తిమీర బొమ్మలు గీసి పద్మ చేతిలో పెట్టి, కూరగాయల బండి దగ్గరికి పంపింది. ఆ బండి రోజూ ఆగేది అధ్యక్షుడి గేటు ముందే. పద్మ అక్కడ నిలబడి, ఆ కాగితం చూసుకుంటూ వంకాయలు ఏరుకుంది. రోజూ ఏరుకుంది. ఏడాది తిరిగేసరికి అధ్యక్షుడి భార్య ఆమెతో "పుచ్చులున్నయి పద్మా, జర చూసి తీసుకో" అనడం నా చెవులతో విన్నాను. ఉత్తరం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇక ఉద్యోగం. మడికొండలో కొత్తగా వచ్చిన ఆఫీసుల మధ్య ఒక క్యాంటీన్ ఉంది. ఖాలా దాని మేనేజర్ దగ్గరికి పోయి పని అడిగింది. ఆయన జాలిపడి, "వచ్చి కూసోమనుండ్రి మేడం, ఎంతో కొంత ఇస్తం" అన్నాడు. ఖాలా లేచి నిలబడింది. "కూసుండుడు ఆమెకు వచ్చు. చానేండ్లు చేసింది. పనుంటె చెప్పుండ్రి." చివరికి పని దొరికింది: ప్లేట్లు తుడిచి పేర్చడం, టేబుళ్ళ మీద నీళ్ళ జగ్గులు నింపి పెట్టడం.

మొదటి వారాలు ఖాలా ఆమె పక్కనే నిలబడి పనిచేసింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో. తర్వాత రెండడుగులు వెనక్కి జరిగింది. తర్వాత గోడ దగ్గరికి, ఆ తర్వాత గేటు బయటికి, ఆఖరికి బస్టాపుకు. ఒకరోజు బస్టాపులో కూడా లేదు. ఆ రోజు ఇంట్లో ఆమె ఎలా ఉందో రేష్మ చెప్పింది: సాయంత్రం దాకా అన్నం ముట్టలేదట, గడియారం కిందే కూర్చుందట. పద్మ వచ్చి చెప్పులు విడుస్తుంటే మాత్రం, "వచ్చినవా? చాయ్ పెట్టు" అని ఊరుకుందట.

ఒకసారి అక్కడ గొడవైంది. తినడానికి వచ్చిన కుర్రాడొకడు పద్మ మాటను వెక్కిరిస్తూ ఫోన్‌లో వీడియో తీశాడు. పద్మ చేతిలో ఉన్న జగ్గు నీళ్ళన్నీ అతని ప్లేట్లో పోసింది. మేనేజర్ పద్మను మాన్పిస్తానన్నాడు. నన్ను అడిగితే బతిమాలుకుందాం అన్నాను. ఖాలా నా వైపు కూడా చూడలేదు.

"నీళ్ళు పోసుడు తప్పు. పద్మ సారీ చెప్తది. వీడియో తీసుడు కూడ తప్పే. ఆయన సారీ చెప్పాలె. మాన్పిచ్చేటిదుంటె ఇద్దరినీ మాన్పియ్యుండ్రి."

పద్మ ఆ పూటే చెప్పింది. ఆ అబ్బాయి ఐదు రోజులు తీసుకున్నాడు. ఆ ఐదు రోజులూ ఖాలా క్యాంటీన్ తలుపు పక్కన కుర్చీ వేసుకుని, అతను వచ్చినప్పుడల్లా చేతి గడియారం చూసుకునేది, అంతే. ఆరో రోజు అతను ఫోన్ తెచ్చి, వీడియో తీసేసి చూపించి, పద్మ ముఖం చూసి సారీ చెప్పాడు. పద్మ "సరే. ప్లేట్ అక్కడ పెట్టు" అంది.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. హనుమకొండలో రెండో దుకాణం తెరిచినప్పుడు పెద్ద పెద్దవాళ్ళు వస్తున్నారని, ఆ ఒక్కరోజు పద్మను ఇంట్లోనే ఉంచమని ఖాలాకు ఫోన్ చేశాను. ఆమె "ఆగు, పద్మకిస్త, ఆమెకే చెప్పు" అని ఫోన్ ఇచ్చేసింది. "హలో అన్నా" అంది పద్మ. ఆ గొంతుకు ఆ మాట చెప్పలేకపోయాను. "చెల్లె, ఎల్లుండి దుకాణం ఓపెనింగ్, పొద్దుగాల్నే రా" అన్నాను. వచ్చింది. ఆవాల రంగు చీర కట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ నీళ్ళు ఇచ్చింది. ఎవరో పెద్దమనిషి ఎవరమ్మా నువ్వంటే, "షాపు వాళ్ళ చెల్లెను. క్యాంటీన్ల డ్యూటీ చేస్త. ఇయ్యాల లీవ్ పెట్టిన" అని చెప్పింది. ఆకాశమేమీ విరిగిపడలేదు. ఇన్నేళ్ళూ నేను దాచిపెట్టింది చెల్లెను కాదు, నా సిగ్గును.

ఖాలాను దేవత అనేవాళ్ళు చాలామంది ఉండేవారు. ఆమెకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. శాలువా కప్పడానికి వచ్చినవాళ్ళతో "ఎండల నాకిదెందుకు? మీ ఆఫీసుల ఒక పోస్టు ఉంటె చెప్పుండ్రి" అనేది. అలాగే ఒక బేకరీలో, ఒక టైలర్ దుకాణంలో ఇద్దరికి పనులు దొరికాయి. రేష్మకు ఇంకా దొరకలేదు. చదివే మీలో ఎవరికైనా దుకాణమో ఆఫీసో ఉంటే, రేష్మ బట్టలు చక్కగా ఇస్త్రీ చేస్తుంది. ఇది స్మృతి వ్యాసం, ఇక్కడ ఇలాంటి మాట రాయకూడదంటారేమో. ఖాలా అయితే మొదటి వాక్యంలోనే రాయమనేది.

కడుపులో గడ్డ ఉందని తెలిశాక ఆమె చేసిన పని మమ్మల్ని హడలగొట్టింది. నెలకో వారం స్టేషన్ ఘన్‌పూర్‌లో తన చెల్లెలి ఇంటికి పోయి, ఫోన్ ఆపేసేది. తన హాస్టల్లో చదువుకున్న ఒకామె ఇప్పుడు టీచరుగా చేస్తోంది. ఆమెను కాజీపేట ఇంట్లోనే ఉండేటట్టు ఒప్పించి, "అడిగితెనే సాయం చెయ్యి, అడగకపోతె నీ పుస్తకాలు నువ్వు చదువుకో" అని చెప్పి పోయేది. మొదటిసారి అన్నం మాడింది, అరటిపళ్ళు తిన్నారు. రెండోసారి గ్యాస్ అయిపోతే వాళ్ళే ఫోన్ చేసి తెప్పించుకున్నారు. ఇదంతా ఎందుకు ఖాలా అని అడిగాను. "నేను పోంగనె ఆగిపోయేటిదైతె, ఇన్నేండ్లు నేను చేసింది నా సరదా కోసమన్నట్టు" అంది. ఇంటి అగ్రిమెంటు కూడా ఆ నలుగురి పేర్ల మీదికే మార్పించింది.

ఖాలా పోయిన మూడో రోజు, సమాధి దగ్గర జియారత్ ప్రార్థన అయ్యాక, ఇల్లు కిరాయికిచ్చిన ఇంటాయన వచ్చాడు. "మేడం ముఖం చూసి ఇచ్చిన. ఇప్పుడు వీళ్ళకు జిమ్మేదారి ఎవరు?" అని నన్ను అడిగాడు. నిజం చెప్తున్నాను, నేను ఆ రోజు కారు తీసుకునే పోయాను. పద్మ బట్టలు సర్దించి ఇంటికి తెచ్చుకుందామనే. ఇంకొకామె తండ్రి కూడా అందుకే ఆటో మాట్లాడుకుని వచ్చాడు.

నేను నోరు తెరిచేలోపే పద్మ లోపలి నుంచి అగ్రిమెంటు కాగితం తెచ్చి, తన సంతకం మీద వేలు పెట్టింది.

"ఖాలా లేదు. మేం ఉన్నం. ఖాళీ చెయ్యం."

"గట్ల కాదమ్మా..."

"ఎట్ల కాదు?" అంది రేష్మ.

ఇంటాయన మళ్ళీ నా వైపు చూశాడు. "నన్నెందుకు చూస్తరు? కిరాయికుండేది వాళ్ళు" అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ నలుగురితో అరగంట మాట్లాడాడు. టీచరు పక్కనే ఉంది గాని వాళ్ళడిగినప్పుడే నోరు విప్పింది. అగ్రిమెంటు గడువు అయ్యేదాకా ఉండమని ఆయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏమంటాడో తెలియదు. ఏమన్నా వాళ్ళక్కడే ఉంటారు, ఆ ఇంట్లో కాకపోతే ఆ కాలనీలోనే ఇంకో ఇంట్లో. ఈసారి ఇంటికోసం తిరిగేవాళ్ళలో నేనూ ఉంటాను. ఆటో కూడా ఖాళీగానే పోయింది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లారి వాన. ఇంకో రెండు రోజులు లీవ్ పెట్టమంటే పద్మ వినలేదు. "మూడు రోజులు పెట్టిన. అయిపోయినయ్" అని గొడుగు తీసుకుంది. వెంట బస్టాపు దాకా పోయాను. మడికొండ వైపు పోయే బస్సు కిక్కిరిసి వచ్చింది. ఆఫీసులకు పోయే అమ్మాయిలు, కూలికి పోయే ఆడవాళ్ళు, అందరూ ఒక్కసారే తోసుకున్నారు. పద్మ గొడుగు మడిచి, నా వైపు తిరగకుండా మోచేతులతో దారి చేసుకుని ఎక్కింది. ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు పైకెత్తి "మడికొండ!" అని కండక్టర్‌కు వినబడేటట్టు అరిచింది.

బస్సు కదిలింది. వాన చారల వెనక అద్దంలోంచి పై కడ్డీని పట్టుకున్న ఆమె చేయి కనిపించింది. పక్కన ఇంకో చేయి, దాని పక్కన ఇంకోటి, గాజులవి, గడియారాలవి, తడిసినవి. బస్సు చౌరస్తా దాటేసరికి వాటిలో మా చెల్లె చేయి ఏదో నేను గుర్తుపట్టలేకపోయాను.