రెండో ఈరమ్మ

ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో పుట్టి పెరిగిన కృష్ణకుమారికి లెక్కలు బాగా వచ్చేవి. ఆదోనిలో స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ ముగించాక తెలిసిందల్లా ఒకటే, లెక్కలు వచ్చిన ఆడపిల్లకు ఆ చుట్టుపక్కల చేసేందుకు పని లేదు. రెండేళ్లు ట్యూషన్లు చెప్పింది. ఒక ఏడాది బట్టల అంగట్లో బిల్లులు కొట్టింది. ఇరవై నాలుగో ఏట ఆదోని పత్తి యార్డు వెనక, ఒక మేడ మీద నడిచే చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. పత్తి సీజనులో కిటికీ తీస్తే దూది పింజలు వచ్చి కంప్యూటరు మీద వాలేవి. ఆమె వాటిని ఊదేసుకుంటూ పని చేసుకునేది.

ఆ జిల్లా పడమటి మండలాల్లో దీపావళి వెళ్లగానే ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయల కోతకు కదులుతాయి. పెద్దవాళ్ల వెంట పిల్లలు పోతే ఆ ఏడు వాళ్ల చదువు పోయినట్టే. అలాంటి పిల్లల్ని ఊళ్లోనే ఉంచుకుని, అన్నం పెట్టి బడికి పంపే వలస హాస్టళ్లను ఈ సంస్థ నడిపేది. సి.బెళగల్ నుంచి హాలహర్వి దాకా ఊరూరా నింపిన ఫారాలు ఆఫీసుకు వస్తే, వాటిలోంచి ఏ హాస్టల్లో ఏ పిల్లలుండాలో జాబితా తీయడం కృష్ణకుమారి పని.

వందల ఫారాలు చేత్తో సరిచూడడం కష్టమని, ఫోన్లో వీడియోలు చూసి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంది. గణాంకాల పనికి వాడే భాష అది. నేర్చుకున్నది సగం. చిక్కొస్తే అడగడానికి ఆదోనిలో ఆ పేరు విన్నవాళ్లే లేరు. వెతగ్గా వెతగ్గా టెలిగ్రాంలో ఒక తెలుగు గ్రూపు దొరికింది. మూడొందల మంది దాకా ఉన్నారు. ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోయిందో ఒకరు ఫొటో తీసి పెడతారు, ఎందుకు ఆగిందో ఇంకొకరు చెబుతారు. ఆమె మొదటి ప్రశ్న, తెలుగు పేర్లన్నీ డబ్బాలుగా, ప్రశ్నార్థకాలుగా మారిపోతున్నాయని. మహేశ్వర్ అనే ఆయన పది నిమిషాల్లో జవాబిచ్చాడు. ఒక్క మాట మార్చి మళ్లీ నడపమన్నాడు. తెర మీద బసవన్నలు, లక్ష్ములు వరుసగా తెలుగులో నిలబడేసరికి ఆమె కుర్చీలోంచి లేచి నవ్వింది.

మహేశ్వర్ వరంగల్‌లో ఏదో పరిశోధన సంస్థలో పనిచేస్తాడని తప్ప ఆయన గురించి ఆమెకేమీ తెలియదు. అయినా ఏడాది తిరిగేసరికి ఇంట్లో అమ్మానాన్నల కంటే ఎక్కువగా ఆ గ్రూపుతోనే మాట్లాడేది. తనకు తెలిసినవి వేరేవాళ్లకు చెప్పడం కూడా మొదలుపెట్టింది. ఎవరో బళ్లారి నుంచి 'థాంక్యూ అక్కా' అని రాస్తే ఆ పూటంతా ఆమెకు కడుపు నిండినట్టుండేది.

ఆ ఏడు అక్టోబరులో పద్నాలుగు వందల పైచిలుకు పేర్లు వచ్చాయి. ఒకే పిల్లకు రెండు ఫారాలు నింపిన చోట్లు చాలా ఉన్నాయి. బళ్లో ఒకటి, ఇంటి దగ్గర ఒకటి. సంస్థ పెద్ద రాజశేఖర్ మధ్యాహ్నం వచ్చి చెప్పాడు.

"నాలుగింటికల్లా లిస్టు పోవల్ల కృష్ణా. రేపు హాస్టళ్లకు సరుకు దించల్ల."

ఆమె గ్రూపులో అడిగింది. రెండుసార్లు వచ్చిన పేర్లు తీసేయడం ఎలా అని. మహేశ్వర్ ప్రోగ్రాంలో పెట్టాల్సిన ఒక వరుస రాసి పంపాడు. ఊరు, తండ్రి పేరు, పిల్ల పేరు మూడూ ఒకటే అయితే మొదటిది ఉంచి మిగతావి తీసేస్తుంది. దాని కిందే ఇంకో ముక్క రాశాడు: 'ఈ మూడూ కలిసిన ఇద్దరు వేర్వేరు పిల్లలు ఉండే అవకాశం లేదు కదా? తల్లి పేరు కూడా కలిపితే మంచిది.'

కలిపి చూసింది. తల్లి పేరు సగం ఫారాల్లో రాయనే లేదు. అది కలిపితే రెండుసార్లు వచ్చిన పేర్లు చాలావరకు అట్లాగే మిగిలిపోతున్నాయి. గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. 'లేదు సార్, అన్నీ డూప్లికేట్లే' అని రాసి, మొదటి పద్ధతే నడిపింది. రెండొందల పన్నెండు పేర్ల వరుసలు పోయాయి. జాబితా నాలుగుకు ముందే వెళ్లింది. రాజశేఖర్ మెచ్చుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, ఫారాలు తెచ్చిచ్చే తిరుపాల్ మెట్లెక్కి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. యాభై దాటిన మనిషి. హాలహర్వి వైపు ఊళ్లన్నీ ఆయనే తిరుగుతాడు.

"ఒగ పాప పోయింది మేడం. మిరపకాయలకు పోయినకాడ జరమొచ్చిందంట. గుంటూరు పెద్దాస్పత్రికి తీస్కపోయేతలికే అయిపోయిందంట."

"ఎవరన్నా?"

"ఈరమ్మ. బసవన్న కూతురు. తొమ్మిదేండ్లు."

కృష్ణకుమారి హాజరు పట్టీ తీసి చూసింది. "ఈరమ్మ హాస్టల్లోనే ఉంది కదన్నా. నిన్న కూడా హాజరు పడింది."

"ఆ పాప వేరే మేడం. ఈ పాప రెండో ఈరమ్మ. ఇద్దురి నాయన్లూ బసవన్నలే." తిరుపాల్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "హాస్టల్ కాడికి తోలకచ్చినారంట. లిస్టులో ఒగ ఈరమ్మే ఉండాది, ఆ పాప వచ్చేసింది అని సెప్పినారంట. కూలోళ్లను తీస్కపోయే మేస్త్రి బండి నిలబడుకోనుండాది. ఏం జేస్తారు, ఎక్కిచ్చుకోని పోయినారు."

తిరుపాల్ వెళ్లిపోయాక ఆమె హాజరు పట్టీ మూసి పక్కన పెట్టింది. తర్వాత గ్రూపు తెరిచి, 'తీసేసిన వరుసలను మళ్లీ చూడాలంటే ఎలా?' అని అడిగింది. ఎందుకో రాయలేదు. మహేశ్వరే జవాబిచ్చాడు. ఆయన చెప్పినట్టే నడిపితే రెండొందల పన్నెండు పేర్లూ తిరిగొచ్చాయి. అందులో ఉంది. ఈరమ్మ, తండ్రి బసవన్న, తల్లి మంజుల. హాస్టల్లో ఉన్న ఈరమ్మ తల్లి లక్ష్మి. రెండు ఫారాల్లోనూ తల్లి పేరు శుభ్రంగా రాసి ఉంది. ఒక్కసారి కళ్లతో చూసినా తెలిసిపోయేది.

గ్రూపులో పైకి వెళ్లి అక్టోబరు మాటలు వెతికింది. ఆయన అడిగిన ప్రశ్న, దాని కింద తన జవాబు, ఆ జవాబు పక్కన తానే పెట్టిన దండం బొమ్మ. అన్నీ అలాగే ఉన్నాయి.

మూడు రోజులు ఊరూరికీ ఫోన్లు చేసింది. తీసేసిన పేర్లలో పదకొండు మంది నిజంగా వేరే పిల్లలు. నలుగురు అవ్వల దగ్గర ఉండిపోయారు. ఏడుగురు వలస పోయారు. ఆ ఏడుగురిలో ఒకరు ఇక రారు.

రాజశేఖర్‌కు కాగితం చూపించింది. ఆయన చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. చెడ్డవాడేం కాదు. ఆ రోజే మనుషుల్ని పంపి మిగిలిన ఆరుగురిలో ఐదుగురిని వెనక్కి రప్పించాడు. కానీ ఈరమ్మ సంగతి బయట పెట్టొద్దన్నాడు.

"హాస్టళ్లు మూసేస్తే మిగతా పిల్లోళ్ల గతేంది? పాప జరమొచ్చి పోయింది కృష్ణా. నువ్వు సంపినావా ఏంది?"

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంటికి పోయి నాన్న మగ్గం పక్కన కూర్చుని అంతా చెప్పింది. గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని ధనుంజయ విన్నాడు. అడ్డపోగు దూర్చే నాడె చేతిలోనే ఉంది. తల్లి సావిత్రమ్మ నూలు కండెలు చుట్టడం ఆపి, "ఆ పాప ఇంటోళ్లకు తెల్దు గదా, నువ్వెందుకు పోయి సెప్పల్ల?" అంది. ధనుంజయ మళ్లీ నాడె ఆడించాడు. తెల్లారి చొక్కా వేసుకుని వచ్చి, "ఆళ్లు గుంటూరు నుంచి ఎప్పుడొస్తారో కనుక్కో. నేనూ వస్తా," అన్నాడు.

మార్చి చివర వాళ్లు తిరిగొచ్చారని తిరుపాల్ కబురు చేశాడు. తండ్రీకూతుళ్లు ఆదోనిలో బస్సు మారి హాలహర్వి పోయి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు చేరారు. బసవన్న ఇంటి ముందు బండ మీద కూర్చుని ఉన్నాడు. మంజుల నీళ్ల చెంబు తెచ్చిచ్చింది. ఆరేళ్ల చిన్న కూతురు సుధ ఆమె కొంగు పట్టుకుని వచ్చినవాళ్లను చూస్తోంది.

కృష్ణకుమారి నీళ్లు తాగలేదు.

"అన్నా, నేను ఆదోని ఆఫీసు నుంచి వచ్చినాను. హాస్టల్ లిస్టు రాసేది నేనే. మీరిచ్చిన ఫారం మాకు వచ్చింది. ఇద్దరు ఈరమ్మలు ఒకరే అనుకోని మీ పాప పేరు నేను తీసేసినాను."

బసవన్న ఆమె వైపు చూశాడు. "తీసేసినావా."

"అవునన్నా."

"ఒగ మాట అడిగింటే సెప్పేటోళ్లం గదమ్మా. తిరుపాల్‌కు ఫోన్ జేసింటే సాలు. ఈ ఊర్లో యా ఇంట్లోకి పోయినా ఒగ ఈరన్నో ఈరమ్మో ఉంటారు. మా దేవుని పేరది." అరవలేదు. దారి తెలియని మనిషికి దారి చెప్పినట్టు చెప్పాడు.

మంజుల అప్పటిదాకా గడపలో నిలబడే ఉంది. నెమ్మదిగా కూర్చుంది.

"నేను వేరే పేరు పెడదామంటి. మొక్కుకున్యాం, ఈరమ్మనే పెట్టల్ల అనె మా యత్త. ఆ పేరు పెట్టకుంటే నా బిడ్డ హాస్టల్లో ఉండేది గదమ్మా?"

"పేరుది కాదక్కా తప్పు. నాది. నేను చూడల్యా."

మంజుల ఆ మాట విన్నదో లేదో. "ఆ పొద్దు హాస్టల్ కాడ ఏడుస్తాదేమో అనుకుంటి. ఏడ్సల్యా. నేనూ మీతో వస్తాండా అని ఎగురుకుంటా బండెక్కె," అంది. అని సుధను దగ్గరికి లాక్కుని తల నిమరసాగింది. కృష్ణకుమారి ఏడ్చింది. ఆమెను ఎవరూ ఊరుకోమనలేదు.

కాసేపటికి బసవన్న ధనుంజయ వైపు తిరిగాడు. "నువ్వెవరప్పా?"

"ఈ పాప నాయన్ని. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తా."

"కూతుర్ని ఒంటిగా పంపియ్యకుండా ఎంబడి వచ్చినావు. మంచి పని జేసినావు," అన్నాడు బసవన్న. అందులో ఎత్తిపొడుపు లేదు. ధనుంజయ తల వంచుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఎమ్మిగనూరు వచ్చేదాకా ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే కృష్ణకుమారి గ్రూపులో జరిగింది రాసింది. పాప పేరు, ఊరు రాయకుండా, తాను చేసింది మాత్రం దాచకుండా రాసింది. మహేశ్వర్ తనకిచ్చిన ఆ ఒక్క ప్రోగ్రాం వరుసా అక్కడ పెట్టి, దీన్ని నడిపే ముందు తీసేయబోయే పేర్లను ఒక్కొక్కటిగా కళ్లతో చూడండి అంది. ఈ సంగతి బయటికి పొక్కితే ఉద్యోగం పోవచ్చని తెలుసు. పోలేదు గానీ రాజశేఖర్ కొన్ని నెలలు ఆమెతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

మహేశ్వర్ మొదటిసారి ఫోన్ చేశాడు. గొంతు ఆమె అనుకున్న దానికంటే ముసలిది.

"నేను ఒకసారి అడిగిన. మీరు లేదన్నరు. ఇంకోసారి అడగాల్సిందమ్మా. మీ దిక్కు పేర్లు ఎట్లుంటయో నాకు తెల్వది."

"మీకు తెలీదు సార్. నాకు తెలుసు," అంది ఆమె. "నా క్లాసులోనే ముగ్గురు ఈరన్నలు ఉండేవాళ్లు. వాళ్లకు నెంబర్లు పెట్టి పిలిచేవాళ్లం. తెలిసే రాసినాను, లేదని."

సరేనమ్మా అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన గ్రూపులో కొన్నాళ్లు కనిపించలేదు. మళ్లీ వచ్చాక, ఎవరేం అడిగినా ముందు రెండు మూడు ప్రశ్నలు వేసి గానీ జవాబు ఇచ్చేవాడు కాదు. కొందరు విసుక్కునేవాళ్లు.

మరుసటి ఏడు జాబితా వేరే తీరుగా తయారైంది. ప్రతి పిల్లకూ ఒక నెంబరు. తల్లి పేరు లేని ఫారం తీసుకోరు. ఒకేలా కనిపించిన పేర్లను ప్రోగ్రాం పక్కకు తీసి చూపిస్తుందంతే, తీసేయదు. ఆ పేర్లు పట్టుకుని కృష్ణకుమారి మూడు వారాలు ఊళ్లు తిరిగింది. ఇళ్ల ముందు నిలబడి పేర్లు చదివింది. పనిలో పనిగా బసవన్న ఇంటికీ పోయింది. సుధ పేరు రాసుకుంటానని, హాస్టల్ తెరిచే రోజు తానే అక్కడ ఉంటానని చెప్పింది. మంజుల సరేనంది.

హాస్టల్ తెరిచిన రోజు పొద్దున్నుంచి గేటు దగ్గరే నిలబడింది. పిల్లలు పెట్టెలతో, పళ్లేలతో వచ్చారు. లక్ష్మి కూతురు ఈరమ్మ కూడా వచ్చింది, కాస్త పొడుగైంది. మధ్యాహ్నం దాటినా సుధ రాలేదు. కృష్ణకుమారి కాగితం మడిచి పట్టుకుని ఆ ఇంటికి నడిచింది. తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటి ముసలామె అరుగు మీద జొన్నలు చెరుగుతోంది.

"పోయినారమ్మా, తెల్లార్తానే. సిన్నదాన్ని గూడా తోలకపోయినారు."

"దాని పేరు లిస్టులో ఉంది కదవ్వా. నేనే వచ్చి సెప్పినాను."

"సెప్పినావంట, మంజుల అనె. పేరు యాడున్నా ఉండనీ, బిడ్డ నా కండ్ల ముందర ఉండల్ల అని తోలకపోయింది." ముసలామె చాట దించి ఆమెను పరకాయించి చూసింది. "ఎండన పడి వచ్చినావు. కూసో, మజ్జిగ ఇస్తా."

కృష్ణకుమారి కూర్చుంది. మజ్జిగ తాగింది. హాస్టల్‌కు తిరిగొచ్చి, చోటు కోసం గేటు దగ్గర కాచుకున్న ఇంకో పిల్లను లోపలికి పంపమని వార్డెనుకు చెప్పి, ఆదోని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.