నాన్నకి అప్పజెప్పిన అమెరికా చరిత్ర

అమెరికా చరిత్ర అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. ఆ దేశం మీద కోపం కాదు. నేను ఆ చరిత్ర చదివిన తీరు మీద కోపం.

ఎనభైల మొదట్లో మేం ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న టైర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను హైస్కూల్లో పదకొండో క్లాసు. ఆ ఏడు ఆఖరి పరీక్షలో అమెరికా చరిత్రకి ‘ఎ’ వస్తే పై ఏడాది ఆనర్స్ క్లాసులో సీటిస్తారు. ఆ క్లాసులో చదివినవాళ్లకే మంచి కాలేజీలు దొరుకుతాయని పిల్లలందరం చెప్పుకునేవాళ్లం. నాకా సీటు కావాలి. ఎంతగా కావాలంటే, దానికోసం నాన్న పద్ధతికి కిక్కురుమనకుండా తలొగ్గాను.

నాన్న పద్ధతి ఒక్కటే. పుస్తకం మొత్తం నోటికి రావాలి. వాళ్ల ఊరి హైస్కూల్లో ఆయన అలాగే ఫస్టు వచ్చారట. స్కూలు నుంచి రాగానే నేను పుస్తకం పట్టుకుని ఇంటి ముందు డ్రైవ్‌వేలో అటూ ఇటూ నడుస్తూ పైకి చదవాలి. కూర్చుంటే నిద్రొస్తుందట, మనసులో చదువుకుంటే నిలవదట. పక్కింటావిడ గులాబీ మొక్కలకి నీళ్లు పోస్తూ నన్నే చూసేది. ఒకరోజు అమ్మని ఆపి, మీ అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. అమ్మ నవ్వి, “ఎగ్జామ్” అంది. పరీక్షకీ ఈ నడకకీ సంబంధమేమిటో ఆవిడకి అర్థమైనట్టు లేదు.

భోజనాలయ్యాక అప్పజెప్పడం. నాన్న పుస్తకం తెరిచి, వాక్యం మీద పెన్సిలు ఆనించి కూర్చునేవారు. నేను చేతులు కట్టుకుని నిలబడి చెప్పాలి. నేను చెబుతున్నకొద్దీ పెన్సిలు కదిలేది. ఒక్క మాట జారిందో, ఆగిపోయేది.

“మొదణ్ణించీ,” అనేవారు.

అంతర్యుద్ధం ముగింపుకొచ్చి సంతకాలు చేసే వేళ ఒక చిన్న మాట మింగేశానని, ఆ యుద్ధమంతా మళ్లీ మొదలుపెట్టించిన రోజులున్నాయి. అమ్మ గిన్నెలు కడుగుతూ వినేది. జాలిపడేది కాని అడ్డుపడేది కాదు. అమ్మ మీద కూడా నాకు కోపమే.

నేను ముందే చెప్పాను. “నాన్నా, మా టీచర్ ఓన్ వర్డ్స్‌లో రాయమన్నారు. బుక్‌లో ఉన్నట్టే రాస్తే ఆయనకి నచ్చదు.”

నాన్న నవ్వారు. “నీ ఓన్ వర్డ్స్ ఈ బుక్ రాసినాయన మాటలకంటే గొప్పవా అమ్మా? ఉన్నదున్నట్టు రాస్తే మార్కులు ఎవడు కట్ చేస్తాడు?”

నా క్లాసు పిల్లలు ఎవరో ఒకరింట్లో చేరి, పిజ్జా తింటూ, ఫలానా యుద్ధం చెయ్యాల్సిందా వద్దా అని పోట్లాడుకుంటూ చదివేవారు. నన్నూ పిలిచారు. అవన్నీ కబుర్లు, చదువు కాదు అని నాన్న పంపలేదు.

పరీక్షలో పెద్ద ప్రశ్న ఇది: జనం ఈ దేశానికి ఎందుకు వలస వచ్చారు? ఎగిరి గంతేసినంత పనయింది. ఆ పాఠం నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఐర్లండులో బంగాళాదుంపలు కుళ్లిపోయి కరువు రావడం, మతం కోసం పారిపోయి వచ్చినవాళ్లు, భూమి కోసం వచ్చినవాళ్లు, అన్నీ పొల్లుపోకుండా రాశాను. మా దేశం ఊసు పుస్తకంలో లేదు కనక నా జవాబులోనూ లేదు.

పేపర్లు దిద్దాక టీచర్ నన్ను ఆగమన్నారు. బల్ల మీద నా పేపరూ, పాఠ్యపుస్తకమూ పక్కపక్కనే ఉన్నాయి. కామాలతో సహా ఒకటే. పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాశావా అని అడిగారు. కంఠస్థం చేశానన్నాను. ఎవరూ అలా చెయ్యరన్నారు. నిజంగానే ఆయనకి తెలిసినవాళ్లెవరూ అలా చెయ్యరు. సీటు సంగతి దేవుడెరుగు, నేనొక దొంగనై ఇంటికెళ్లాను.

మర్నాడు నాన్న టై కట్టుకుని స్కూలుకి వచ్చారు. ఆయనకి కోపం రాలేదు, గర్వంగా ఉన్నారు! కూతురు పుస్తకాన్ని అచ్చుగుద్దినట్టు రాసిందని ఒక అమెరికన్ టీచరే ఒప్పుకున్నాడు కదా. “సర్, ఓపెన్ ఎనీ పేజ్,” అన్నారు.

టీచర్ ఒక పేజీ తెరిచి మొదటి మాటలు అందించారు. నా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఒక్క మాట జారలేదు. ఆయన వేలు వాక్యాల మీద కదులుతూ పోయింది, అచ్చం నాన్న పెన్సిలులాగే. కాసేపటికి పుస్తకం మూసేసి నాకు సారీ చెప్పారు. అప్పుడాయన కళ్లలో కనిపించిన జాలి చూసి, దొంగ అన్నప్పుడే నయమనిపించింది.

తరవాత మెత్తగా అడిగారు. పుస్తకం సంగతి వదిలెయ్, మీ కుటుంబం ఇక్కడికి ఎందుకొచ్చింది? అది నీ మాటల్లో చెప్పు చాలు, ‘ఎ’ ఇస్తాను.

నోరు తెరిచాను. చెప్పడానికి నాకు తెలిస్తే కదా. ఆరేళ్ల వయసులో విమానం ఎక్కించారు, ఎక్కాను. ఎందుకని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, అడగనివ్వలేదు. నాన్న వైపు చూశాను. ఒక్క వాక్యం అందిస్తే చాలు, అప్పజెప్పేస్తాను.

నాన్న నవ్వారు. “సర్, దట్ ఈజ్ నాట్ ఇన్ ద సిలబస్.”

టీచర్ ఇంకాసేపు నా కోసం ఆగి, ఎర్ర పెన్నుతో ‘సి’ అని వేశారు.

కారులో నాన్న హుషారుగా ఉన్నారు. “చూశావా, ఒక్క మాట తప్పలేదు. ఆయన చేతే సారీ చెప్పించాం.”

“సీటు పోయింది నాన్నా,” అన్నాను. అప్పుడు అడిగాను. “మనం ఎందుకొచ్చాం ఇక్కడికి?”

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఆకుపచ్చ లైటు పడ్డాక నాన్న, “ఇప్పుడదంతా ఎందుకమ్మా. మ్యాథ్స్ చూసుకో,” అన్నారు.

ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు. అమ్మనడిగితే మీ నాన్నకే తెలియాలంటుంది. ఆ పుస్తకంలో చాలా భాగం మరిచిపోయాను కాని, ఆ ఒక్క పాఠం మాత్రం చావడం లేదు. ఐర్లండు వాళ్లు ఎందుకొచ్చారో మా పిల్లలకి పొల్లుపోకుండా చెప్పగలను. వాళ్లు అడిగేది మాత్రం అది కాదు.