తాంబాళంలో కరివేపాకు

అమీర్‌పేటలో ఖాళీ గోడ కనబడితే చాలు, కంప్యూటర్ కోర్సు బోర్డు తగిలించే రోజులవి, నా చిన్నప్పుడు. మా కింది గదుల్లో కోర్సుల కుర్రాళ్లు అద్దెకుండేవారు, పైన మేము. మా తాతయ్య బేగంపేట విమానాశ్రయంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మిద్దె మీదుగా విమానం దిగుతుంటే, తలెత్తకుండానే దాని ఇంజను మంచిచెడ్డలు చెప్పేవారు. తన గుండె సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.

అది నాకొక్కదానికే తెలుసు. పంజగుట్టలో బూట్లు కొనిస్తానని నన్ను తీసుకెళ్లి, అక్కడ ఆగకుండా సోమాజిగూడ ఆసుపత్రిలో కూర్చోబెట్టారు. సోమవారం చేరాలని, ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పడం విన్నాను. బూట్ల సంగతి ఇద్దరం మరిచిపోయాం. నానమ్మకు చెప్పొద్దని తాతయ్య నాచేత ఒట్టు వేయించుకున్నారు. నోట్లో నువ్వుగింజ నానని నాకు ఆ నాలుగు రోజులూ అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున మిద్దె మీద, ఏదో ఒకటి మాట్లాడాలని, విమానాలు ఇంకా జోరుగా ఎందుకు పోవని అడిగాను. తాతయ్య తాంబాళం తెప్పించి, అడుగు మునిగేంత నీళ్లు పోసి, ఒక కరివేపాకు వేశారు. నీళ్లలో వేలు మెల్లగా జరిపారు. వేలు దూరంగా ఉండగానే చిన్న చిన్న అలలు వెళ్లి ఆకును కదిపాయి, అది కాస్త పక్కకు తప్పుకుంది. రెండోసారి వేలు విసురుగా లాగారు. ఆకు ఉన్నచోటే ఉంది. వేలి ముందు నీళ్లు గట్టులా లేచి, ఒక్కసారిగా దాన్ని తిరగేశాయి.

"గాలికి సుత ముందుగాల ఖబర్ అందాలె బిడ్డా. ఆ ఖబర్ చప్పుడంత జోరుగనే పోతది. విమానం సుత గంత జోరుగ ఉరికితే ఖబర్ ముందుకు పోలేదు. గాలికి జరిగే టైం దొరకదు, గోడలెక్క పేరుకుంటది. విమానం వణుకుతది."

నేను తిరగబడ్డ ఆకునే చూస్తున్నాను. "మరి నానమ్మకు ఖబర్ అందిందా తాతా?" అనేశాను.

తాతయ్య తడి చెయ్యి తుడుచుకున్నారు. తర్వాత లేచి వంటింట్లోకి నడిచారు, వెనకే నేను. బూట్ల ప్రయాణం దగ్గర ఎత్తుకుని, ఆగి ఆగి, ఆపరేషన్ దాకా వచ్చారు. నానమ్మ ఉల్లిపాయలు తరగడం ఆపలేదు.

"బూట్లకు పోయి ఉత్త చేతులతోని వచ్చిన నాడే ఎరుక నాకు. మెట్ల మీద రెండుసార్లు ఆగుతున్నరు. దవాఖానకు మీ సంచి సుత సదిరి పెట్టిన. మీరే చెప్తరని చూస్తున్న" అంది. అప్పుడు కత్తి కింద పెట్టి ఏడ్చింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తాతయ్య ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు విమానాలకు వంకలు పెడుతూనే బతికారు.

నా జుట్టూ నెరుస్తోంది. ఇంట్లో కష్టమైన మాట చెప్పాల్సి వస్తే నేనిప్పటికీ రేపు మాపు అని వాయిదా వేస్తుంటాను. మన అలలు మనవాళ్లకు ఎప్పుడో చేరి ఉంటాయి, ఇక మనం నోరు విప్పడమే మిగిలి ఉంటుంది. సంచి ఇప్పటికే సర్ది ఉంటుందని ధైర్యం తెచ్చుకుని మొదలుపెడతాను.